పాత లారీకి సెన్సార్ పోయిందంటే ఏది కొనాలి: కంపెనీదా, బయటిదా, స్క్రాపుదా?

అన్నా, ముందు ఒక్క మాట సూటిగా చెప్పేస్తాను. మెకానిక్ "సెన్సార్ పోయింది" అనగానే జేబులో డబ్బులు పెట్టుకుని షాపుల వెంట తిరగొద్దు. పోయింది సెన్సారా, దానికి వెళ్లే వైరా అన్నది తేలాకే ఏ కంపెనీది కొనాలన్న ఆలోచన. ఈ వరస తప్పడం వల్లే మన దగ్గర పాత బండ్ల ఓనర్లు అక్కర్లేని సామాను కొంటున్నారు. నేనూ కొన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది 2018 మోడల్ పది టైర్ల లారీ, బీఎస్4 (పొగ కాలుష్యం నిబంధన), కామన్ రైల్ ఇంజను, అంటే ఎక్కువ ఒత్తిడితో ఒకే రైలు పైపులో డీజిల్ నిలిపి అన్ని ఇంజెక్టర్లకీ పంచే రకం. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి, పోర్టు నుంచి తిరుగు లోడు ఏది దొరికితే అది. ఇప్పటికి మూడు సెన్సార్లు మార్చాను, అందులో ఒకటి మార్చాల్సిన పనే లేదు. పాత ఇన్‌లైన్ పంపు బండ్లు నడిపేవాళ్లకి ఈ బాధ చాలా తక్కువ, పంపు, నాజిల్, డీజిల్ బాగుంటే బండి కదులుతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్4 వచ్చాక కామన్ రైల్ బండ్లు బాగా పెరిగాయి, ఆ బండ్లే ఇప్పుడు పాతబడి ఆటోనగర్ షెడ్లలో వరసగా నిలబడుతున్నాయి. వీటిల్లో ఈసీఎంకి (ఇంజనును నడిపే కంప్యూటర్‌కి) సెన్సార్ నుంచి సరైన లెక్క అందకపోతే ఇంజను ఎంత గట్టిగా ఉన్నా బండి లాగదు, కొన్నిసార్లు స్టార్టే కాదు.

స్కానర్‌లో (ఈసీఎంలోని తప్పుల కోడ్లు చదివే యంత్రంలో) కోడ్ వచ్చింది కదా, ఇంకేం కావాలి అంటారు. ఆ కోడ్ ఏం చెబుతోందో ఒక్కసారి చూడండి. పి0335 అంటే క్రాంక్ సెన్సార్ (ఇంజను తిరిగే వేగం చూసేది) సర్క్యూట్. పి0340 క్యామ్ సెన్సార్ (వాల్వులు నడిపే షాఫ్ట్ ఎక్కడుందో చూసేది) సర్క్యూట్. పి0190 నుంచి పి0193 వరకు రైల్ ప్రెషర్, పి0117, పి0118 కూలెంట్ వేడి. కొన్ని హెవీ బండ్లలో ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ అని రెండు నంబర్లు జతగా వస్తాయి, ఎస్‌పీఎన్ 157 అయితే రైల్ ప్రెషర్, 110 అయితే కూలెంట్ వేడి, 190 అయితే ఇంజను స్పీడు. పక్కనుండే ఎఫ్‌ఎంఐ నంబరే అసలు విషయం చెబుతుంది, దాన్ని చాలామంది చూడరు. 3 అంటే వోల్టేజి ఉండాల్సినదానికంటే ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు సరిగా పారడం లేదు, అంటే చాలాసార్లు లైను ఎక్కడో తెగింది. ఇవన్నీ సర్క్యూట్ సంగతులు. ఈసీఎం నుంచి బయల్దేరిన వైరు, మధ్యలో కప్లర్లు (వైర్లు కలిపే ప్లగ్గులు), పిన్నులు, సెన్సార్, తిరిగి ఎర్త్, అంతా కలిస్తేనే సర్క్యూట్. అందులో సెన్సార్ ఒక ముక్క మాత్రమే.

మన జిల్లాల్లో మిగతా ముక్కలు తొందరగా పాడవుతాయి. ముత్తుకూరు, అల్లూరు వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలి. రొయ్యల లోడు ఎత్తేవాళ్లకి ఐసు కరిగిన నీళ్లు ఛాసిస్ మీద కారుతూనే ఉంటాయి. చీమకుర్తి వైపు రాతి పొడి కప్లర్ల రబ్బరు సీలు దగ్గర పేరుకుంటుంది, సీలు ఒకసారి సరిగా కూర్చోకపోతే కార్తె వానలకి తేమ లోపలికి పోతుంది. 2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర హైవే తెగి బండ్లు ఎక్కడికక్కడ ఆగిపోయాయి కదా, అప్పుడు మా బండి టైర్లు సగం మునిగేదాకా ఒక రాత్రంతా నీళ్లలో నిలబడింది. బండి మామూలుగానే స్టార్ట్ అయింది, అంతా బాగుందనుకున్నాం. మూడు నాలుగు నెలల తర్వాత చెక్ లైట్ వెలిగి పికప్ పడిపోయింది, లోడుతో గట్టు ఎక్కడం లేదు. కోడ్ రైల్ ప్రెషర్ అని వచ్చింది. చూసినాయన సెన్సార్ మార్చమన్నాడు, కంపెనీ మాల్ తెప్పించి మార్చాం, రెండో రోజుకే అదే కోడ్. ఇంకో పెద్దాయన, వయసు మళ్లిన ఎలక్ట్రీషియన్, స్కానర్ పక్కన పెట్టి క్యాబిన్ కింద కప్లర్ ఊడదీసి చూపించాడు, ఒక పిన్ను పచ్చగా చిలుం పట్టి సగం తినేసి ఉంది. "అబ్బయా, సెన్సార్‌కి కాదు, దీనికి పెట్టాల్సింది డబ్బులు" అన్నాడు. కొత్త పిన్ను, కొత్త సీలు, అరగంట పని. ఆ బండి ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

అందుకని కొనేముందు ఈ నాలుగు పనులు చేయండి, మీకు రాకపోతే ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి చేయించండి.

ఇంజను ఐడిల్‌లో ఉండగా అనుమానం ఉన్న సెన్సార్ వైరును ఈసీఎం దాకా కొంచెం కొంచెం కదుపుతూ పోవాలి. ఎక్కడ కదిపినప్పుడు ఇంజను తడబడితే, లేదా స్కానర్‌లో అంకె ఎగిరితే, అక్కడుంది తప్పు. వైరు బ్రాకెట్‌కి రాసుకునే చోట్లు, టర్బో దగ్గర వేడికి పైతొడుగు పెళుసైన చోట్లు ముందు చూడండి. రైల్ పైపులు, ఫ్యాను దగ్గర మాత్రం ఇంజను ఆపాకే చేయి పెట్టండి.

మూడు పిన్నుల సెన్సార్ అయితే కప్లర్ ఊడదీసి, కీ ఆన్ చేసి, మల్టీమీటర్‌తో సప్లై పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య చూడాలి. రైల్ ప్రెషర్, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) సెన్సార్లకి సుమారు 5 వోల్టులు రావాలి. రాకపోతే కొత్త సెన్సార్ పెట్టినా పని చేయదు. ఇంకో విషయం, ఈ 5 వోల్టుల లైను చాలా ఇంజన్లలో రెండు మూడు సెన్సార్లకి కలిపి ఉంటుంది. ఒకటి లోపల షార్ట్ అయితే మిగతావాటి కోడ్లు కూడా వచ్చేస్తాయి. ఒకేసారి మూడు కోడ్లు కనిపిస్తే మూడు సెన్సార్లు కొనకండి. ఒక్కొక్క కప్లర్ ఊడదీస్తూ 5 వోల్టులు ఎప్పుడు తిరిగి వస్తాయో చూడండి, ఏది తీసినప్పుడు వస్తే అదే దొంగ.

కూలెంట్ సెన్సార్‌కి ఓమ్స్ చూస్తే చాలు. వేడి పెరిగే కొద్దీ ఓమ్స్ తగ్గాలి. మామూలుగా వచ్చే బాష్ రకం అయితే 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్స్ చుట్టూ, 80 డిగ్రీల దగ్గర 300 చుట్టూ ఉంటుంది. గిన్నెలో నీళ్లు కాచి అందులో ముంచి చూడొచ్చు.

రెండు వైర్ల క్రాంక్ సెన్సార్, అంటే లోపల అయస్కాంతం, తీగ చుట్ట ఉండే రకం, కొన్ని వందల ఓమ్స్ నుంచి వెయ్యి చుట్టూ చూపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించి వేడెక్కాక లైను తెగినట్టు చూపిస్తే చుట్ట పోయినట్టే. మూడు వైర్ల హాల్ రకానికి ఈ ఓమ్స్ పరీక్ష పనికిరాదు, దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఇంకోటి, వైరు తొడుగులోకి గుండుసూది గుచ్చి టెస్టు చేయనివ్వకండి, ఆ చిన్న రంధ్రం గుండానే మన ఉప్పుగాలి లోపలికి పోయి రాగిని తినేస్తుంది. ఫోనుకి కలుపుకునే చిన్న స్కానర్ కొంటే 24 వోల్టుల బండికి పనికొస్తుందని దాని మీద రాసి ఉన్నదే కొనండి, కార్ల కోసం చేసినవి లారీకి తగిలించొద్దు.

సరే, వైరు బాగుంది, కప్లర్ బాగుంది, పోయింది సెన్సారే అని తేలింది. ఇప్పుడు ఏది కొనాలి?

మన ముందు నాలుగు దారులున్నాయి. లారీ కంపెనీ డబ్బాలో వచ్చే జెన్యూన్. ఆ సెన్సార్‌ని నిజంగా తయారు చేసే కంపెనీ, బాష్ లాంటివాళ్లు, తమ సొంత డబ్బాలో అమ్మేది. పేరు ఊరు తెలియని చౌక మాల్. చివరగా విప్పేసిన బండి నుంచి తీసిన స్క్రాపు ముక్క. ఈ నాలుగింటిలో ఏది మంచిది అని ఒక్క మాటలో అడిగితే నేను చెప్పను, ఎందుకంటే అది ఏ సెన్సార్ అన్నదాన్ని బట్టి మారుతుంది.

క్రాంక్ సెన్సార్ దగ్గర నా మాట ఒక్కటే, రాజీ వద్దు. ఇది పోతే చాలా బండ్లు ఎక్కడ ఉంటే అక్కడే ఆగిపోతాయి, మిగతా సెన్సార్లు ఇలా నడిరోడ్డు మీద వదిలేయడం తక్కువ. పోయిన ఎండాకాలం టంగుటూరు టోల్ దాటి సింగరాయకొండ దగ్గరికి వస్తుండగా మా బండి అలాగే ఆగింది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు, ఆర్‌పీఎం ముల్లు కదలడం లేదు. గంట ఆగితే స్టార్ట్ అవుతుంది, ఇరవై కిలోమీటర్లకి మళ్లీ అదే. డ్రైవర్‌కి ఫోన్‌లో చెప్పాను, సెన్సార్ మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగి చూడమని. వెంటనే అందుకుంది. వేడికి చుట్ట తెగుతోందని అప్పుడే అర్థమైంది. ఆ రోజు లోడు తొందరలో దారిలో దొరికిన చౌకది వేయించాను, మూడు వారాలు తిరక్కుండానే కావలి దగ్గర మళ్లీ అదే కథ. అప్పుడు ఊడదీసి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదాని ముక్కు పాతదానికంటే కొంచెం పొట్టిగా ఉంది. ఫ్లైవీల్ పళ్లకీ సెన్సార్ ముక్కుకీ మధ్య సందు మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది, ఆ సందు పెరిగితే సెల్ఫ్ నెమ్మదిగా తిరిగేటప్పుడు సిగ్నల్ బలంగా రాదు, బ్యాటరీ కాస్త వీకైతే ఇక అందుకోనే అందుకోదు. కొలతలోనే తేడా ఉన్న మాల్‌కి గ్యారంటీ కార్డు ఇచ్చినా ఏం లాభం?

కాబట్టి క్రాంక్, క్యామ్ రెండింటికీ రెండో దారి నాకు ఇష్టం, తయారీ కంపెనీ సొంత డబ్బా. చాలాసార్లు లారీ కంపెనీ డబ్బాలో ఉండేదీ అదే వస్తువు, ధరలో తేడా ఉంటుంది. పాతదాన్ని తుడిచి దాని ఒంటి మీద నంబరు చూడండి. బాష్ డీజిల్ సెన్సార్ల మీద 0 281 తో మొదలయ్యే పది అంకెల నంబరు తరచుగా కనిపిస్తుంది. ఆ నంబరు ఫోటో తీసుకుని షాపులో అదే అడగండి, "ఫలానా లారీకి క్రాంక్ సెన్సార్" అని మాత్రం అడగొద్దు. ఒకే మోడల్ లారీలో ఏడాదిని బట్టి రెండు వైర్ల రకం, మూడు వైర్ల రకం రెండూ ఉండొచ్చు, చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదానికి బదులు ఇంకోటి పని చేయదు. నంబరు చెరిగిపోయి ఉంటే అప్పుడు లారీ కంపెనీ డీలర్ దగ్గరికే వెళ్లండి, ఛాసిస్ నంబరు చెబితే వాళ్లు సరైనది తీస్తారు. ఎక్కువ ధర పెట్టినా అక్కడ మీకు దొరికేది ఆ ఖచ్చితత్వం. స్టాకు లేక చెన్నై నుంచో విజయవాడ నుంచో రావాలంటే ఒకటి రెండు రోజులు ఆగాలి, అది కూడా లెక్కలో వేసుకోండి. బాష్ డబ్బాలకి కూడా డూప్లికేట్లు వస్తున్నాయి, అందుకే జీఎస్టీ బిల్లు ఇచ్చే షాపులోనే తీసుకోండి, బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామంటే ఆ తగ్గింపు వద్దు.

రైల్ ప్రెషర్ సెన్సార్ ఇంకా పెద్ద విషయం. కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి ఐడిల్‌లోనే వందల బార్లు, లోడు మీద 1,600 బార్ల దాకా పోయే ఇంజన్లు ఉన్నాయి. ఆ ఒత్తిడిని ఆపి పట్టుకునేది ఆ సెన్సార్‌కి ఉండే మర, అంటే థ్రెడ్డే. దీనికి చౌక మాల్ అసలు వద్దు. స్క్రాపుది అంతకన్నా వద్దు, ఒకసారి బిగించి విప్పిన సీలింగ్ అంచు మళ్లీ సరిగా కూర్చుంటుందన్న నమ్మకం లేదు. లెక్క తప్పుగా చెప్పే సెన్సార్ అయితే ఈసీఎం ఒత్తిడి తప్పుగా పెంచుతుంది, తగ్గిస్తుంది, చివరికి పంపు మీదా ఇంజెక్టర్ల మీదా పడుతుంది. ఇంజెక్టర్ ఖరీదు ముందు సెన్సార్ ఖరీదు ఏపాటిది? దీన్ని మార్చే చోటు కూడా ముఖ్యం. ఇంజను నడుస్తుండగా రైలు నట్టు వదులు చేయకూడదు. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన దెబ్బ అది. ఇంజను ఆపి కొన్ని నిమిషాలు ఆగి, చుట్టూ శుభ్రంగా తుడిచి, అప్పుడు విప్పాలి. చీమకుర్తి దుమ్ములో తిరిగే బండి అయితే ఈ తుడవడం నేను రెండుసార్లు చేయిస్తాను, రైలులోకి పోయిన ఒక్క రేణువు ఇంజెక్టర్‌ని పాడుచేయగలదు. టార్క్ రెంచ్ (లెక్క ప్రకారం బిగించే స్పానరు) లేని షెడ్డులో ఈ పని పెట్టకండి. ఒక్కదానికి మాత్రం నేను షోరూమ్ సర్వీసుకే ఓటు వేస్తాను అంటే అది ఇదే.

కూలెంట్ సెన్సార్ దగ్గరికి వస్తే పట్టు కొంచెం సడలించొచ్చు. లోపలుండేది వేడికి ఓమ్స్ మారే చిన్న ముక్క, పేరున్న ఏ బయటి కంపెనీది అయినా ఓమ్స్ లెక్క కుదిరితే చాలు, కొనేముందు పాత నంబరుతో సరిచూసుకోండి. మీరే మార్చుకోవచ్చు, ఇంజను చల్లారాక, రాగి వాషరు కొత్తది వేసి. ఒక్క పని మాత్రం చేయనివ్వొద్దు. కొందరు సెన్సార్ బదులు ఒక రెసిస్టర్ కట్టేసి "లైట్ పోయింది కదన్నా" అంటారు. అప్పుడు ఈసీఎంకి ఇంజను ఎప్పుడూ ఒకే వేడిలో ఉన్నట్టు కనిపిస్తుంది. రోహిణి కార్తెలో రేడియేటర్ పైపు పగిలి ఇంజను కాగిపోతున్నా దానికి తెలియదు, పవర్ తగ్గించి కాపాడదు. హెడ్ గ్యాస్కెట్ పోయాక ఏడ్చి లాభం లేదు. బీఎస్4 బండ్లలో యూరియా సిస్టం (పొగను శుభ్రం చేసేది) సెన్సార్లకి బదులు దొంగ సిగ్నల్ ఇచ్చే డబ్బా పెట్టి మోసం చేయడం కూడా ఇలాంటిదే, పైగా చట్టానికి విరుద్ధం.

బూస్ట్ సెన్సార్ అయితే కొనేముందు ఒకసారి ఊడదీసి చూడండి. ముక్కు దగ్గర నూనె, మసి పట్టి మూసుకుపోయి ఉంటుంది, సెన్సార్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టి పెడితే చాలా వాటికి అదే మందు. లోపల సూదితో గీకొద్దు. ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు వదులై గాలి పోతున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఎక్సలేటర్ పెడల్ సెన్సార్ మాత్రం ఎక్కువ బండ్లలో పెడల్‌తో కలిపే వస్తుంది. దానికి స్క్రాపు నుంచి మంచిది, అదే నంబరుది దొరికి, స్కానర్‌లో మెల్లగా నొక్కుతుంటే అంకె ఎక్కడా ఎగరకుండా సున్నా నుంచి నూటికి పోతుంటే తీసుకోవచ్చు. స్క్రాపు మాల్‌కి నేను సరే అనేది ఈ ఒక్కచోటే.

"ఇంకో ఆరు నెలల్లో బండి అమ్మేస్తాను, ఇప్పుడు అంత పెట్టడం దేనికి" అని అడిగేవాళ్లు ఉన్నారు. మీ లెక్క నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఆరు నెలలూ బండి నడవాలి కదా. బండి ఒక రోజు ఆగితే డ్రైవర్ బత్తా, ఫైనాన్స్ కిస్తీ, పోర్టులో పోయిన వరస, అన్నీ కలిపి కాగితం మీద రాసి చూడండి. చౌకదానికీ మంచిదానికీ మధ్య తేడా ఎంతో దాని పక్కనే రాయండి. ఊళ్లోనే ఇసుక, ఇటుకలు తోలే చిన్న బండి అయితే ఆ అంకె చిన్నదే, ఆగినా తాడు కట్టి లాక్కొచ్చుకోవచ్చు, మీరు కొంచెం సర్దుకోవచ్చు. చెన్నై, విజయవాడ లైను మీద తిరిగే బండికి మాత్రం సర్దుబాటు లేదు.

ఎవరితో వేయించాలన్నది చివరి ప్రశ్న. షోరూమ్‌లో స్కానర్ పూర్తిది ఉంటుంది, కానీ చాలాచోట్ల సర్క్యూట్ వెతికే ఓపిక తక్కువ, ముక్క మార్చేయడం వాళ్లకి సులువు. ఆటోనగర్ ఎలక్ట్రీషియన్‌కి వైరింగ్ చేతిలో పని, మీరు పక్కనే ఉంటే కప్లర్ తెరిచి చూపిస్తాడు. అందుకే నేను వెతకడం ఎలక్ట్రీషియన్ దగ్గర, రైల్ పని షోరూమ్‌లో, క్రాంక్, క్యామ్, కూలెంట్ ఎలక్ట్రీషియన్ దగ్గరే చేయిస్తున్నాను. వైరు కలిపేటప్పుడు మెలితిప్పి టేప్ చుట్టి వదిలేస్తే ఒప్పుకోవద్దు, సోల్డర్ చేసి వేడికి ముడుచుకునే స్లీవ్ వేయించండి. క్రాంక్ సెన్సార్ బిగించేముందు రంధ్రంలో ఇనుప రజను తుడిపించండి, కొత్త ఓ రింగుకి కొంచెం ఇంజను ఆయిల్ రాయించండి. ఛాసిస్ మీద వెల్డింగ్ పని ఏదైనా ఉంటే ముందు బ్యాటరీ తీగలు తీయించాలి, ఈసీఎం పోతే అప్పుడు సెన్సార్ల గురించి మాట్లాడుకునే పనే ఉండదు.

ఇప్పుడు మా బండి క్యాబిన్‌లో సీటు కింద ఒక కొత్త క్రాంక్ సెన్సార్, దాన్ని విప్పే స్పానరు, ఒక ఓ రింగు కవర్‌లో చుట్టి ఉంచాను. డ్రైవర్‌కి ఒక ఆదివారం ఇంటి దగ్గర కూర్చోబెట్టి రెండుసార్లు విప్పించి బిగించి చూపించాను.